గ్లేసియర్ ఒడ్డున విదియ

2000 మార్చి ఒకటో తేదీ, బుధవారం, సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు మా ఓడ సిడ్నీ రేవు వదిలింది. టికెట్టు మీద అయిదు అని ఉంది. ఆ పది నిమిషాల ఆలస్యానికి ఎవరూ కారణం చెప్పలేదు. నేను తప్ప ఎవరూ అడగనూ లేదు.

ఓడలో మేం నలుగురం: మా ఆయన, నేను, మా అమ్మాయి, దాని తొమ్మిదేళ్ళ కూతురు. అల్లుడు బ్రిస్బేన్‌లో ఉండిపోయాడు. జులై నుంచి కొత్త అమ్మకం పన్ను వస్తోందని, దుకాణాల కంప్యూటర్లన్నీ దానికి తగ్గట్టు మార్చాలని వాళ్ళ ఆఫీసులో సెలవులు ఆపేశారు. మా అమ్మాయిదీ కంప్యూటర్ల పనే గానీ, దాని గండం అప్పటికే గడిచింది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండు వేలు రాగానే పంతొమ్మిది వందలనుకుంటాయని భయపడి, రెండేళ్ళు తేదీలు సరిచేస్తూ కూర్చుంది. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఆఫీసులోనే ఉంది. ఏమీ కాలేదు. అయినా ఫిబ్రవరి ఇరవై తొమ్మిది దాటేదాకా సెలవు లేదన్నారు. రెండు వేల సంవత్సరానికి లీపు దినం ఉందో లేదో ప్రోగ్రాములకు సరిగ్గా తెలుసో తెలియదోనని అనుమానమట.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నూరుతో భాగించబడే సంవత్సరం నాలుగు వందలతో కూడా భాగించబడితేనే లీపు. ఏడో తరగతి పిల్లలు చెప్పే లెక్క.

"దీనికా మీకు జీతాలిస్తున్నారు?" అన్నాను.

"అవునమ్మా, చాలా బాగా ఇస్తున్నారు" అంది మా అమ్మాయి. "అందుకే కదా నిన్ను షిప్ ఎక్కిస్తున్నాను."

ఇరవై తొమ్మిదిన కూడా ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్నే విమానంలో సిడ్నీ వచ్చాం. టాస్మన్ సముద్రం దాటి న్యూజిలాండ్ దక్షిణ ద్వీపం, అక్కడ కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సముద్రపు పాయలు, తర్వాత ఓడ దిగి బస్సులో పడమటి తీరాన ఉన్న గ్లేసియర్. మొత్తం తొమ్మిది రోజులు.

మా ఆయన ఈ ప్రయాణానికి మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. ఫాల్గుణ శుద్ధ విదియ మా మామగారి తిథి. అది ఈ తొమ్మిది రోజుల మధ్యలో పడింది. 1962లో మామగారు పోయినప్పుడు ఈయన డిపార్ట్‌మెంటు పరీక్షలకు హైదరాబాద్‌లో ఉన్నారు. టెలిగ్రాం అంది, రైలెక్కి, రాజమండ్రి చేరేసరికి అంతా అయిపోయింది. మరిదే తల కొరివి పెట్టాడు. ఆ మాట ఈయన ఎన్నడూ నోటితో అనలేదు, కానీ ఆనాటి నుంచి ఒక్క తద్దినం తప్పించలేదు. ఒకసారి టైఫాయిడ్‌తో, ఇద్దరు మనుషులు పట్టుకుంటే కూర్చుని పెట్టారు. ఇది ముప్పై ఎనిమిదోది.

రాజమండ్రిలో ఉన్న మా పురోహితుడికి ఫోన్ చేసి కనుక్కున్నాం. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి తిలతర్పణం చాలు, ఇంటికి చేరాక ఎవరైనా బ్రాహ్మడికి స్వయంపాకం ఇవ్వండి అన్నాడు. బియ్యం, పప్పు, కూరలు వండకుండా ఇచ్చేదే స్వయంపాకం. ఆ మాటతో ఈయన కొంచెం మెత్తబడ్డారు.

"నదులున్నాయా ఆ ఊళ్ళో?" అన్నారు.

"గ్లేసియర్ కరిగి వచ్చే నదే ఉంది నాన్నా. ఇంతకంటే శుద్ధమైన నీళ్ళు ఇంకెక్కడ దొరుకుతాయి?" అంది అమ్మాయి.

నేను పంచాంగం తీసి చూశాను. ఫాల్గుణ శుద్ధ విదియ, మార్చి ఏడు, మంగళవారం. టూరు కాగితం తీసి చూశాను. మార్చి ఏడు మధ్యాహ్నం, గ్లేసియర్ దగ్గర. రెండూ కలిశాయి. చాలా సంతోషించాను. పంచాంగాన్ని కూడా పెట్టెలో సర్దాను.

టాస్మన్ సముద్రం మీద రెండు రోజులు నాకు కడుపులో తిప్పింది. అల్లం మురబ్బా నములుతూ పడుకున్నాను. రాత్రిపూట మైకులో, గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకోమని చెప్పేవాళ్ళు. నేను తిప్పుకునేదాన్ని. మా ఆయన తిప్పుకోలేదు. బ్రిస్బేన్ వచ్చిన రెండేళ్ళ నుంచీ ఆయన చేతి గడియారం ఇండియా టైమే చూపిస్తోంది.

"తాతా, యువర్ వాచ్ ఈజ్ రాంగ్" అంది మనవరాలు. దానికి మన మాటంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"రాంగు కాదమ్మా. రాజమండ్రిలో ఇప్పుడు సరిగ్గా ఇంతే" అన్నారాయన.

"బట్ వుయ్ ఆర్ నాట్ ఇన్ రాజమండ్రీ!"

"మీరు లేరు. నేను అప్పుడప్పుడూ ఉంటాను."

నాలుగో తేదీ పొద్దున్న లేచి చూస్తే ఓడకు రెండు వైపులా కొండలే. నీళ్ళలోంచి నిటారుగా లేచిన నల్లని రాయి, దాని మీద పచ్చని నాచు, పై నుంచి జారే జలపాతాలు. లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర మానేశాను. వాన పెరిగిన కొద్దీ కొత్తవి పుట్టుకొస్తున్నాయి. పైన డెక్కు మీద తెల్లవాళ్ళు వానలో తడుస్తూ ఫొటోలు తీసుకుంటున్నారు. మా ఆయన మఫ్లరు చుట్టుకుని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. "బాగుందే" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. రావడం మంచిదైందనుకున్నాను.

ఆరో తేదీ సోమవారం ఓడ దిగాం. రేవులో పెట్టెలు తనిఖీ చేశారు. న్యూజిలాండ్‌లోకి విత్తనాలు, గడ్డీ గాదం, ఇంట్లో చేసిన తినుబండారాలు రానివ్వరని అమ్మాయి ముందే చెప్పింది. ఉన్నవన్నీ ఫారం మీద రాశాం. రాస్తే జుల్మానా ఉండదు, అంతే. వస్తువు ఉంటుందని కాదు. నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి ఒకతె మా సంచీ విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. మాగాయ సీసా, ఇంటి నెయ్యి, నల్ల నువ్వుల పొట్లం, దర్భ కట్ట.

"ఇదేంటి?" అని దర్భ పట్టుకుని అడిగింది.

"గడ్డి" అన్నారు మా ఆయన.

"దేనికి?"

"మా నాన్నగారికి."

ఆ పిల్ల మా ఆయన వంక చూసి, నా వంక చూసి, దర్భను ప్లాస్టిక్ సంచిలో వేసింది. మర్యాదగానే వేసింది. నువ్వుల మీద ఏ కంపెనీ పేరూ లేదు గనుక అవీ వేసింది. నెయ్యీ, మాగాయా కూడా. పంచాంగాన్ని తిరగేసి, వాసన చూసి, వెనక్కి ఇచ్చింది.

"దర్భ లేకపోతే బంగారు పవిత్రం ఉంది" అన్నారు ఈయన, వేలికున్న ఉంగరం తడుముకుంటూ. అది మామగారిది. దర్భ ముడిలాగే చేసిన ఉంగరం, అది వేలికుంటే దర్భ పవిత్రం లేకపోయినా చెల్లుతుంది. "నువ్వులు రేపు ఆ ఊళ్ళో కొందాం" అన్నారు.

ఆ రాత్రి హోకిటికా అనే చిన్న ఊళ్ళో మోటెల్లో బస. మర్నాడు, ఏడో తేదీ పొద్దున్న ఎనిమిదింటికి, దుకాణాలు తెరవక ముందే బస్సు గ్లేసియర్ దారి పట్టింది. మా ఆయన తలస్నానం చేసి, ఏమీ తినకుండా కూర్చున్నారు. తద్దినం పెట్టేవాళ్ళు అది అయ్యేదాకా తినరు. వాన మొదలైంది. ఆ తీరాన వాన మన గోదావరి జిల్లాల వానలాంటిది కాదు. బస్సు అద్దాల మీద ఎవరో బాల్చీలతో కుమ్మరిస్తున్నట్టు ఉంది. తొమ్మిది దాటగానే బస్సు ఆగింది. ముందు కొండ విరిగి రోడ్డు మీద పడింది.

డ్రైవరు డెబ్బైకి దగ్గరపడ్డ తెల్లాయన. "యంత్రాలు వస్తున్నాయి. ఎవరూ దిగొద్దు, ఇంకా రాళ్ళు పడుతున్నాయి" అన్నాడు. అప్పటి నుంచి బస్సులోనే. పన్నెండైంది. ఒంటిగంటైంది. తోటివాళ్ళు శాండ్‌విచ్‌లు తీశారు. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"నాన్నా, ఇక్కడే పక్కన నీళ్ళు పారుతున్నాయి. డ్రైవర్‌ని రిక్వెస్ట్ చేద్దామా, ఫైవ్ మినిట్స్ దిగనివ్వమని?" అంది అమ్మాయి.

"నువ్వులేవీ?"

మనవరాలు తన శాండ్‌విచ్‌లోని బన్ను మీద నువ్వులు చూపించింది. "తాతా, సెసమీ!"

"తెల్లవమ్మా. తెల్లవి పనికిరావు" అన్నారాయన, విసుక్కోకుండా. ఆ విసుక్కోకపోవడం చూసే నాకు భయం వేసింది. ఈయన విసుక్కుంటున్నంత సేపూ ఏ ఇబ్బందీ లేదు.

మూడైంది. నాలుగైంది. నాలుగున్నరకు డ్రైవరు, ఇవాళ్టికి రోడ్డు తెరవరని, వెనక్కి వెళ్ళాల్సిందేనని చెప్పాడు. మా ఆయన అప్పుడొక్క మాట అన్నారు. "అప్పుడూ అందలేదు, ఇప్పుడూ అందలేదు." ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ సంగతి ఆయన నోటి నుంచి వినడం అదే మొదలు. ఓడ ఎక్కించిన అమ్మాయి మీద, తారీకులు చూసి సంతోషించిన నా మీద, ఆయన ఒక్క నింద వేయలేదు.

మోటెల్‌కి చేరేసరికి నా గడియారంలో అయిదున్నర. గదిలో మంచం మీద కూర్చుని ఆయన తడిసిన కోటు విప్పుతుంటే, నేను ఆయన చొక్కా చేతులు పైకి మడుస్తున్నాను. ఆయన చేతి గడియారం కంటికి ఎదురుగా వచ్చింది. పది గంటలు.

రాజమండ్రిలో పొద్దున్న పది గంటలు. తద్దినం పెట్టేవాడు అక్కడ ఇంకా మడి కూడా కట్టుకోడు.

పెట్టె తీసి పంచాంగం తీశాను. ఆ రోజు గడిలో తిథి పక్కన వేసిన టైము నేను ఇంట్లో చూసుకోలేదు. తారీకు కలిసింది కదా అని అక్కడితో ఆగిపోయాను. ఇప్పుడు చూశాను. పాడ్యమి ఉదయం పది గంటల ఇరవై నిమిషాల వరకు, తదుపరి విదియ. మర్నాటి గడిలో, విదియ ఉదయం తొమ్మిదిన్నర వరకు.

"ఏమండీ, ఇంకా విదియ రాలేదు" అన్నాను.

"ఏవిటే?"

"విదియ రాలేదు. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇంత సేపూ మనం బస్సులో కూర్చున్నది పాడ్యమిలో."

"ఏడో తారీకని వేశాడు కదే పంచాంగంలో?"

"వేసింది రాజమండ్రికి. చంద్రుడు అందరికీ ఒక్కడే, గడియారాలే వేరు. అక్కడ పొద్దున్న పదీ ఇరవైకి వచ్చే తిథి మనకి సాయంత్రం ఆరు కావస్తుండగా వస్తుంది. తద్దినానికి మధ్యాహ్నం ఉన్న తిథే లెక్క. వాళ్ళకి మధ్యాహ్నానికి ఉంటుంది గనుక ఇవాళ. మనకి ఇవాళ మధ్యాహ్నం లేదు. రేపు పొద్దున్న ఉంటుంది, రేపు మధ్యాహ్నం ఉంటుంది, రేపు సాయంత్రం అయిదింటికి పోతుంది. మనకి తిథి రేపు."

ఆయన నా మాట నమ్మలేదు. నలభై మూడేళ్ళ కాపురంలో మొదటి విడత ఎప్పుడూ నమ్మరు. అమ్మాయి మా గదిలోకి వచ్చింది. విషయం చెప్పాను. అది నిలబడ్డ చోటే నవ్వడం మొదలుపెట్టింది.

"నాన్నా, అమ్మ కరెక్ట్! డిసెంబర్ థర్టీఫస్ట్ మేమంతా ఆఫీస్‌లో ఏం చేశాం అనుకున్నారు? న్యూజిలాండ్ వాళ్ళకి టూ థౌజండ్ ముందు వస్తుంది కదా, వాళ్ళ ఫోన్ కోసం కూర్చున్నాం. వాళ్ళకి ఏమీ కాలేదంటే మాకూ కాదని. లోకంలో అందరికీ ఒకేసారి ఏ తారీకూ రాదు నాన్నా. రెండేళ్ళు నేను చేసిన ఉద్యోగమే ఇది!"

"మీ ఉద్యోగం వేరు, మా నాన్న తిథి వేరు" అన్నారాయన. కానీ గొంతు మారింది.

మోటెల్ ఆఫీసు పక్కనున్న ఫోన్ నుంచి, కార్డు మీద అంకెలు గీకి, రాజమండ్రికి కలిపాను. పురోహితుడు పూజ ముగించి కాఫీ తాగుతున్నాడట. అంతా విన్నాడు.

"పంచాంగం మన ఊరికి కట్టింది తల్లీ, మీరున్న ఊరికి కాదు. ఏ ఊళ్ళో కూర్చుని పెడితే ఆ ఊరి పగలే పగలు. అక్కడ అపరాహ్ణం ఎప్పుడొస్తుంది?"

సూర్యోదయం, సూర్యాస్తమయం మోటెల్ బోర్డు మీద రాసి ఉన్నాయి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం. "మూడు దాటి అయిదు నిమిషాలకి మొదలవుతుంది" అన్నాను.

"విదియ ఎప్పటిదాకా?"

"ఇక్కడి అయిదింటిదాకా."

"ఇంకేం మరి. ఆ రెండింటి మధ్యా కానివ్వండి. అన్నీ మీరే చెబుతూ నన్నెందుకమ్మా అడగడం?"

"ఆయన నా మాట నమ్మరు."

"ఇవ్వండి ఆయనకి" అన్నాడు. ఇచ్చాను. మా ఆయన "ఆఁ", "ఆఁ", "అలాగే" అని మూడు మాటలన్నారు. ఫోన్ పెట్టేసి, కార్డు నా చేతికిచ్చారు. తర్వాత అడిగారు, "అయితే ఇవాళ ఒంటిపూటా?"

తిథికి ముందు రోజు ఒక్క పూటే తినాలి. పొద్దున్నుంచీ ఆయన ఏమీ తినలేదు. తెలియకుండానే నియమం నిలిచింది. ఇక ఆయన తినడానికి అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదని తెలియగానే ఆయనకు విపరీతంగా ఆకలేసింది.

ఆ ఊళ్ళో అన్నం దొరికే చోటు ఒక్కటే, చైనావాళ్ళ హోటలు. అమ్మాయీ నేనూ గొడుగేసుకుని వెళ్ళాం. ఉత్త అన్నం కావాలన్నాం. పెరుగు పక్క కొట్లో కొన్నాం. హోటలామె నా ఈడుదే. బల్ల మీద ఏవో ఉండలు పెట్టి ఉన్నాయి, వాటి మీద నల్ల నువ్వులు.

"అవి విడిగా కొంచెం ఇస్తారా? వేయించనివి" అని అమ్మాయి చేత అడిగించాను. వంటకా అని ఆమె అడిగింది. కాదు, పోయిన మా మామగారికి అని చెప్పాం. ఆమె లోపలికి వెళ్ళి కాగితంలో పోసి తెచ్చింది. "మేం మా వాళ్ళకి ఏప్రిల్‌లో పెడతాం" అంది. నీలం చొక్కా పిల్లకు ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదేమో గానీ, ఈమెకు ఒక్క మాట సరిపోయింది.

ఎనిమిదో తేదీ వాన తెరిపిచ్చింది. పదకొండింటికి రోడ్డు తెరిచారు. రెండింటికి గ్లేసియర్ ఊరు చేరాం. అక్కడి నుంచి నది ఒడ్డున రాళ్ళ మీద నడక. గ్లేసియర్‌ని దూరం నుంచి చూస్తే రెండు కొండల మధ్య ఇరుక్కున్న మాసిన మంచు గుట్ట. దగ్గరికి వెళ్ళిన కొద్దీ పగుళ్ళలో నీలం రంగు కనిపించింది. దాని అడుగు నుంచి నది బయటికి వస్తోంది. అమ్మాయి చెప్పిన శుద్ధమైన నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. మంచు రాతిని అరగదీసిన పిండి అది అని డ్రైవరు చెప్పాడు. అడ్డం కట్టిన తాడు దాటి ముందుకు పోవద్దని కూడా చెప్పాడు.

మూడూ పదికి మా ఆయన లోపలి ఉన్ని పంట్లాం మీదే పంచె కట్టి, స్వెట్టరు పైకి లాగి, జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, దక్షిణం వైపు తిరిగారు. దక్షిణం ఎటో డ్రైవరు చూపించాడు. "ఆయనకి చెప్పండి, కొంచెం చల్లగా ఉంటాయి" అన్నాడు.

గోత్రం చెప్పి, తండ్రికి మూడు దోసిళ్ళు వదిలారు. తాతకు మూడు. ముత్తాత దగ్గరకు వచ్చేసరికి వేళ్ళు తెల్లగా పాలిపోయి, వంకర్లు పోతున్నాయి. చివరి దోసిలి వంచుతుండగా ఉంగరం జారింది. చప్పుడు కూడా వినిపించలేదు. బెత్తెడు లోతు కూడా కనిపించని నీళ్ళు.

"తాతా, యువర్ రింగ్!" అని మనవరాలు కేక పెట్టింది. ఆయన ఆగలేదు. చెప్పాల్సిందంతా చెప్పి, జంధ్యం సరిచేసుకుని, అప్పుడు వేలు చూసుకున్నారు.

"పోయిందా?"

"పోయింది" అన్నాను.

"నాన్నదే కదా" అన్నారు. చేతులు చంకల్లో పెట్టుకుని ఎగురుతూ, "ఏమే, కాఫీ ఏదైనా ఉందా? చచ్చిపోతున్నాను చలికి!" అని నన్ను విసుక్కున్నారు. ఆ విసుగు విని నాకు ప్రాణం లేచి వచ్చింది. ఫ్లాస్కు మూత తీశాను. నా గడియారంలో మూడూ ముప్పై ఒకటి. విదియ ఇంకా గంటా ఇరవై తొమ్మిది నిమిషాలుంది.

తొమ్మిదో తేదీ విమానంలో ఇల్లు చేరాం. మర్నాడు పాత పంచాంగాలు తీసి, బ్రిస్బేన్‌లో పెట్టిన వెనకటి రెండు తద్దినాలకీ లెక్క కట్టి చూశాను. ఆ రెండేళ్ళూ తిథి రెండు చోట్లా ఒకే రోజు పడింది. ఆ సంగతి ఆయనకు చెబితే, "నువ్వు చూస్తావని నాకు తెలుసు" అన్నారు. ఆదివారం స్వయంపాకం ఇచ్చాం.

ఆ ప్రయాణంలో పోయినవి: ఇంటి నెయ్యి ఒక సీసా. మాగాయ ఒక సీసా. నల్ల నువ్వులు ఒక పొట్లం. దర్భ ఒక కట్ట. మనవరాలి ఎడమ చేతి గ్లౌజు, ఎక్కడ పోయిందో తెలియదు. మామగారి పవిత్రం ఉంగరం, ముప్పావు కాసు. ఏడో తేదీ మధ్యాహ్నం భోజనం ఒకటి, మా ఆయనది.